ఎల్‌వీఎంతో సర్వరు డిస్కును పంచడం, పెంచడం, మార్చడం

శ్రీకాకుళంలోని ఒక స్కానింగు కేంద్రం నుంచి ఒక సోమవారం ఉదయం నాకు ఫోను వచ్చింది. సర్వరులో డిస్కు నిండిపోయిందని, రోగుల చిత్రాలు భద్రం కావడం లేదని, కొత్త డిస్కుకు కొటేషను కూడా తెప్పించామని అక్కడ కంప్యూటర్లు చూసుకునే కుర్రవాడు చెప్పాడు. "కొనేముందు ఒక్క కమాండు కొట్టి, ఏం కనిపిస్తోందో చదివి చెప్పు బాబూ" అన్నాను. సుడో వీజీఎస్ అని కొట్టమన్నాను. కాసేపాగి, "వీసైజు అన్నచోట 462 జీ, వీఫ్రీ అన్నచోట 362 జీ అని ఉంది సార్" అన్నాడు. 500 జీబీ డిస్కులో 362 జీబీ ఎవరికీ కేటాయించకుండా ఖాళీగా పడి ఉంది. నిండిపోయింది డిస్కు కాదు, అందులో వాడుకోవడానికి ఇచ్చిన 100 జీబీ ముక్క మాత్రమే.

ఇది ఎవరి తప్పూ కాదు. లినక్స్ రకాలలో ఒకటైన ఉబుంటు సర్వరును మామూలు పద్ధతిలో ఎల్‌వీఎంతో, అంటే డిస్కు చోటును పంచిపెట్టే లాజికల్ వాల్యూమ్ మేనేజర్‌తో స్థాపిస్తే, అందుబాటులో ఉన్న చోటు 200 జీబీ దాటినప్పుడు రూట్ ఫైల్ సిస్టమ్‌కు, అంటే వ్యవస్థ ఫైళ్లుండే ప్రధాన భాగానికి, 100 జీబీ మాత్రమే ఇచ్చి, మిగిలినదాన్ని అది తాకకుండా వదిలేస్తుంది. చోటు 20 నుంచి 200 జీబీ మధ్య ఉంటే సగం ఇస్తుంది. ఎంత చోటు మిగిలిందో చెప్పే డీఎఫ్ కమాండు ఫైల్ సిస్టమ్‌ను మాత్రమే చూస్తుంది కనుక, దాని వెనుక ఉన్న ఖాళీ ఆ కమాండుకు కనిపించదు. ఈ సంగతి తెలియక కొత్త డిస్కులు కొన్నవాళ్లను మా విజయనగరంలోనూ చూశాను.

కమాండులన్నీ ఆ రోజు ఫోనులో పలికినట్టే ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. కీబోర్డు మీద వీటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టాలి. -ఎల్ అని రాసిన ప్రతిచోటా అది పెద్ద ఎల్ అని గుర్తు పెట్టుకోవాలి. ఎల్‌వీఎంలో చిన్న ఎల్‌కు అర్థం వేరు. పెద్ద ఎల్ తరువాత జీబీలలో పరిమాణం చెప్తాం, చిన్న ఎల్ తరువాత ముక్కల సంఖ్యనో శాతాన్నో చెప్తాం. ఫోనులో చెప్పేటప్పుడు ఈ ఒక్క అక్షరం దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

ఎల్‌వీఎంలో మూడు అంచెలున్నాయి. డిస్కును గానీ అందులోని విభాగాన్ని గానీ ఎల్‌వీఎంకు అప్పగిస్తే అది పీవీ, అంటే భౌతిక వాల్యూమ్ అవుతుంది. ఒకటో అంతకన్న ఎక్కువో పీవీలు కలిస్తే వీజీ, అంటే వాల్యూమ్ గ్రూపు అవుతుంది. ఆ గ్రూపులోంచి మనకు కావలసినంత కోసి తీసుకున్నది ఎల్‌వీ, అంటే లాజికల్ వాల్యూమ్. ఫైల్ సిస్టమ్‌ను దాని మీదే వేస్తాం. తలా ఒక చోట ఉన్న మడులను ఒకే కమతం కింద లెక్కగట్టి, పాత గట్లు చెరిపేసి, సెంట్ల లెక్కన మళ్లీ పంచుకోవడం లాంటిదే ఇది. ఇక్కడ సెంటు స్థానంలో ఉండేది ఎక్స్‌టెంటు. మామూలుగా ఒక్కోటి 4 ఎంబీ ఉంటుంది. 600 జీబీ ఎల్‌వీ అడిగితే ఎల్‌వీఎం 153600 ఎక్స్‌టెంట్లు లెక్కపెట్టి ఇస్తుంది. అవి ఒకే వరుసలో ఉండాలన్న నియమం లేదు, ఒకే డిస్కులో ఉండాలనీ లేదు. లినక్స్‌కు ఈ ఏర్పాటును హెచ్‌పీ-యూఎక్స్‌లో అప్పటికే ఉన్న వాల్యూమ్ మేనేజర్ నమూనాతో హైంజ్ మావెల్స్‌హాగెన్ 1998లో రాశారు.

ఆ స్కానింగు కేంద్రం సమస్య ఒక్క కమాండుతో తీరాలి, కానీ దానికి ముందు ఒక చిన్న అడ్డంకి వచ్చింది. ఎల్‌వీఎం తాను చేసే ప్రతి మార్పుకు ముందూ వెనుకా తన పట్టికల నకలును /ఈటీసీ/ఎల్‌వీఎం కింద రాసుకుంటుంది. రూట్ ఫైల్ సిస్టమ్ పూర్తిగా నిండి ఉంటే ఆ నకలు రాయడానికి కూడా చోటుండదు కనుక, చోటు పెంచే కమాండే చోటు లేదని ఆగిపోతుంది. ముందు కొన్ని ఎంబీలు ఖాళీ చేసుకోవాలి. రెండు కమాండులు చాలు:

సుడో ఆప్ట్ క్లీన్

సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం

ఇందులో చివరి ఎం మాత్రం పెద్ద అక్షరం. ఆ తరువాత అసలు కమాండు:

సుడో ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్ -ఎల్ +50జీ /డెవ్/ఉబుంటు-వీజీ/ఉబుంటు-ఎల్‌వీ

ఇందులో రెండు గుర్తుల మీద మనసు పెట్టాలి. మొదటిది ప్లస్. అది ఉంటే ఇప్పుడున్నదానికి 50 జీబీ కలపమని. అది లేకపోతే మొత్తం పరిమాణం 50 జీబీ చేయమని. 100 జీబీ ఎల్‌వీకి ప్లస్ లేకుండా చెప్తే, అది ఇప్పటికే అంతకంటే పెద్దదని ఎల్‌వీఎక్స్‌టెండ్ ఒప్పుకోదు కనుక ఇక్కడ నష్టం లేదు. తగ్గించే కమాండు దగ్గర ఇదే పొరపాటు ప్రాణం తీస్తుంది. రెండోది -ఆర్. ఎల్‌వీని పెంచిన వెంటనే దాని మీది ఫైల్ సిస్టమ్‌ను కూడా సాగదీయమని దాని అర్థం. -ఆర్ మరచిపోతే గట్టు జరిగిందిగానీ దున్నలేదన్నట్టుంటుంది: ఎల్‌వీల జాబితా చూపే ఎల్‌వీఎస్‌లో 150 జీబీ కనిపిస్తుంది, డీఎఫ్‌లో 100 జీబీయే కనిపిస్తుంది. అప్పుడు కంగారు పడి మళ్లీ ఎల్‌వీఎక్స్‌టెండ్ కొట్టకూడదు. ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4 అయితే రీసైజ్2ఎఫ్ఎస్ తరువాత ఎల్‌వీ దారి ఇవ్వాలి; ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఎక్స్ఎఫ్ఎస్_గ్రోఎఫ్ఎస్ తరువాత ఎల్‌వీ దారి బదులు అది మౌంటైన, అంటే వాడుకకు తగిలించిన, డైరెక్టరీ ఇవ్వాలి. రెండూ సర్వరు నడుస్తుండగానే, ఎవరినీ ఆపకుండానే పూర్తవుతాయి.

362 జీబీ ఖాళీ ఉండగా 50 మాత్రమే ఎందుకు ఇప్పించానని ఆ కుర్రవాడు అడిగాడు. ఉన్న ఖాళీలో నూరు శాతమూ ఇచ్చేయమని చెప్పే పద్ధతి ఇంటర్నెట్టులో దొరికే సూచనలలో ఎక్కువగా కనిపిస్తుంది, చిన్న ఎల్‌తో చెప్పేది అదే. నేను మాత్రం దాన్ని సర్వరు మీద వాడను. చోటు పెంచడం పది సెకన్ల పని, అదీ పని నడుస్తుండగానే. తగ్గించడం అలా కాదు: ఎక్స్‌టీ4 అయితే ఫైల్ సిస్టమ్‌ను విడదీసి తగ్గించాలి, రూట్ అయితే యూఎస్‌బీ నుంచి వేరే వ్యవస్థను నడిపి తగ్గించాలి, ఎక్స్ఎఫ్ఎస్ అయితే అసలు తగ్గించనే లేం. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 నుంచి ఆ కుటుంబంలో ఎక్స్ఎఫ్ఎస్ మామూలు ఎంపిక అయింది కనుక, ఆల్మా, రాకీ వాడేవారు ఈ సంగతిని మొదటి రోజే తెలుసుకోవాలి. పైగా స్నాప్‌షాటుకూ (ఒక క్షణంలో ఎల్‌వీ ఎలా ఉందో పట్టి ఉంచేది), అద్దం ప్రతికీ (రెండో డిస్కులో అదే సరుకు) వీజీలో ఖాళీ ఉండి తీరాలి. ఆ అవసరం వచ్చిన రోజున ఒక్క ఎక్స్‌టెంటు కూడా మిగలకపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి.

ఆరు నెలల తరువాత ఆ కేంద్రం నిజంగానే 2 టీబీ డిస్కు కొనింది. చిత్రాలకు వేరే చోటు ఏర్పరచడం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ముందుగా ఏ డిస్కు ఏదో తేల్చుకోవాలి:

ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,మోడల్,సీరియల్,ఎఫ్ఎస్‌టైప్

ఇక్కడ -ఓ చిన్న అక్షరం. సీరియల్ నంబరును డిస్కు మీది స్టిక్కరుతో పోల్చి చూడాలి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అన్న పేర్లు డిస్కులకు పుట్టుకతో వచ్చినవి కావు. సర్వరు లేచేటప్పుడు ఏది ముందు కనిపిస్తే దానికి ముందు అక్షరం దక్కుతుంది. ఒకసారి నేను మధ్యాహ్నం ఒక సర్వరులో డిస్కు బిగించి, ఎస్‌డీసీ కొత్తదని రాసుకుని, కేబులు సరిచేయడానికి ఆపి మళ్లీ పెట్టి, పాత కాగితం చూసుకుంటూ ఎస్‌డీసీ మీద పీవీక్రియేట్ కొట్టాను. తెర మీద ఒక వరుస వచ్చింది: ఎక్స్‌టీ4 గుర్తు ఉంది, చెరిపేయనా, వై లేక ఎన్. కొత్త డిస్కులో ఎక్స్‌టీ4 ఎలా ఉంటుంది? ఆ ప్రశ్న తట్టిన క్షణంలో నా వేలు వై మీద ఉంది. ఆ రెండు డిస్కుల పేర్లూ తారుమారయ్యాయి. నేను చెరపబోయింది అక్కడి బ్యాకప్ డిస్కు. ఆనాటి నుంచి ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఎన్ కొట్టి, ఎల్‌ఎస్‌బీఎల్‌కే మళ్లీ చూసిన తరువాతే ముందుకు వెళ్తున్నాను. ఈ ప్రశ్నను అడగనివ్వకుండా చేసే -వై అన్న ఐచ్ఛికాన్ని చేత్తో కొట్టే కమాండులలో వాడనే వాడను.

డిస్కు మొత్తాన్ని నేరుగా పీవీగా చేయవచ్చు, లేదా అందులో ఒకే ఒక విభాగం చేసి దాన్ని పీవీగా చేయవచ్చు. ఎల్‌వీఎంకు రెండూ ఒకటే. నేను విభాగం చేయడాన్నే ఇష్టపడతాను. విభాగాల పట్టిక లేని డిస్కు ఇతర పరికరాల కళ్లకు ఖాళీ డిస్కులా కనిపిస్తుంది. ఎవరో దాన్ని తీసి విండోస్ యంత్రానికి తగిలిస్తే, దీన్ని సిద్ధం చేయమంటారా అని అది మర్యాదగా అడుగుతుంది, అవతలి వ్యక్తి అంతే మర్యాదగా సరే అంటాడు. అందుకని:

సుడో పార్టెడ్ -ఎస్ /డెవ్/ఎస్‌డీబీ ఎంకేలేబుల్ జీపీటీ ఎంకేపార్ట్ డేటా 1ఎంఐబీ 100% సెట్ 1 ఎల్‌వీఎం ఆన్

సుడో పీవీక్రియేట్ /డెవ్/ఎస్‌డీబీ1

సుడో వీజీక్రియేట్ డేటావీజీ /డెవ్/ఎస్‌డీబీ1

పార్టెడ్‌కు -ఎస్ ఇస్తే అది ఏ ప్రశ్నా అడగదు కనుక, ఆ వరుసలో డిస్కు పేరును కొట్టాక ఎంటర్ నొక్కేముందు పైకి చదవడం మంచిది. ఇక ఈ కొత్త డిస్కును పాత ఉబుంటు-వీజీలోనే కలిపేయవచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. వీజీఎక్స్‌టెండ్ అనే ఒక్క కమాండుతో కలుస్తుంది కూడా. కానీ అలా కలిపాక ఒక ఎల్‌వీ కొంత పాత ఎస్ఎస్‌డీ మీద, కొంత కొత్త హార్డ్ డిస్కు మీద పరుచుకునే అవకాశం వస్తుంది. అప్పుడు రెంటిలో ఏ ఒక్కటి పోయినా ఆ ఫైల్ సిస్టమ్ మొత్తం పోయినట్టే. మామూలు ఎల్‌వీఎం డిస్కులను కలుపుతుందే తప్ప ఒకదాని బదులు మరొకదాన్ని నిలబెట్టదు. వ్యవస్థ ఒక వీజీలో, చిత్రాలు మరో వీజీలో ఉంటే ఒక డిస్కు పోయిన రోజున రెండోది బతుకుతుంది.

పేరులో గీత పెట్టకుండా డేటావీజీ అన్నది కావాలనే. డీఎఫ్‌లో ఎల్‌వీ పేరు వీజీ పేరుతో గీతతో కలిసి కనిపిస్తుంది. అసలు పేరులోనే గీత ఉంటే తికమక రాకుండా ఎల్‌వీఎం దాన్ని రెండు గీతలుగా రాస్తుంది. ఉబుంటు--వీజీ-ఉబుంటు--ఎల్‌వీ అన్న వింత పేరు కనిపించేది అందుకే. ఫోనులో అది చెప్పించుకోవడం ఒక శిక్ష.

తరువాత ఎల్‌వీ, దాని మీద ఫైల్ సిస్టమ్:

సుడో ఎల్‌వీక్రియేట్ -ఎల్ 600జీ -ఎన్ చిత్రాలు డేటావీజీ

సుడో ఎంకేఎఫ్ఎస్.ఎక్స్‌టీ4 /డెవ్/డేటావీజీ/చిత్రాలు

సుడో ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 1 /డెవ్/డేటావీజీ/చిత్రాలు

ఎల్‌వీ పేరును ఇంగ్లీషు అక్షరాలలోనే పెట్టాలి. ఎల్‌వీఎం తెలుగు లిపిని ఒప్పుకోదు. మూడో కమాండుకు కారణం ఉంది. ఎక్స్‌టీ4 తన చోటులో 5 శాతాన్ని రూట్ వాడుకకని పక్కన పెడుతుంది. రూట్ ఫైల్ సిస్టమ్‌కు అది అవసరమే గానీ, చిత్రాలు తప్ప ఇంకేమీ లేని 600 జీబీలో 30 జీబీ ఊరకే పక్కన ఉండిపోతుంది. దాన్ని 1 శాతానికి తగ్గించాను. ఈ ఏర్పాట్లన్నీ అయ్యాక పీవీఎస్ కొడితే డిస్కు పరిమాణం 2 టీబీ అని కాక 1.82టీ అని, దాని ముందు చిన్నదనే గుర్తుతో కనిపిస్తుంది. డిస్కు తయారీదారు వెయ్యి లెక్కన, ఎల్‌వీఎం 1024 లెక్కన కొలవడం వల్ల వచ్చిన తేడా అది. ముందున్న గుర్తు అంతకంటే రవ్వంత తక్కువ ఉందని చెప్తుంది.

సర్వరు ప్రతిసారీ లేచినప్పుడు ఇది తానుగా మౌంటు కావాలంటే ముందు ఎంకేడీర్‌తో /ఎస్ఆర్‌వీ/చిత్రాలు అనే డైరెక్టరీ చేసి, /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఒక వరుస చేర్చాలి:

/డెవ్/డేటావీజీ/చిత్రాలు /ఎస్ఆర్‌వీ/చిత్రాలు ఎక్స్‌టీ4 డీఫాల్ట్స్,నోఫెయిల్ 0 2

ఎస్‌డీబీ1 అని ఇక్కడ రాయనక్కరలేదు. డిస్కు అక్షరం ఏదైనా ఎల్‌వీఎం తన గుర్తులను చదివి వీజీని తానే పోల్చుకుంటుంది. నోఫెయిల్ లేకపోతే, ఆ డిస్కు ఏ కారణం చేతనైనా కనిపించని రోజున సర్వరు అత్యవసర స్థితిలో ఆగిపోయి ఎదురుగా కూర్చునే మనిషి కోసం చూస్తుంది, అంటే నేను విజయనగరం బస్‌స్టాండుకు పరుగెత్తాలి. నోఫెయిల్ ఉంటే సర్వరు లేస్తుంది, కానీ మరో చిక్కు వస్తుంది: డిస్కు మౌంటు కాలేదని తెలియని స్కానింగు ప్రోగ్రాము చిత్రాలను ఆ ఖాళీ డైరెక్టరీలోనే, అంటే రూట్‌లోనే, పోస్తూ పోతుంది. దీనికి మందు, డిస్కు మౌంటు కాకముందే ఆ ఖాళీ డైరెక్టరీ మీద సుడో ఛాట్టర్ +ఐ అని కొట్టడం. అప్పుడు డిస్కు లేనప్పుడు ఎవరూ అక్కడ రాయలేరు. డిస్కు మౌంటయ్యాక మామూలుగానే రాయగలరు. చివరగా సుడో మౌంట్ -ఎ కొట్టి, తప్పేమీ రాలేదని చూసుకున్న తరువాతే సర్వరును ఆపి పెట్టి పరీక్షించాలి. ఇలా చూసుకోకపోతే, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఒక్క కామా తప్పయినా అది బయటపడేది తిరిగి లేచేటప్పుడే.

చోటు తగ్గించడం నేను వీలైనంతవరకు చేయను. చేయవలసి వస్తే బ్యాకప్ తీసుకుని, అది తెరుచుకుంటోందో లేదో చూసుకున్నాకే చేస్తాను. ఇక్కడ వరుస తిరగబడుతుంది. పెంచేటప్పుడు ముందు ఎల్‌వీ, తరువాత ఫైల్ సిస్టమ్. తగ్గించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్, తరువాత ఎల్‌వీ. ధాన్యం తీయకుండా గాదె గోడ కోస్తే ఏమవుతుందో, ఫైల్ సిస్టమ్‌ను ముడవకుండా ఎల్‌వీని కోసినా అదే అవుతుంది. -ఆర్ ఇస్తే ఈ వరుసను ఎల్‌వీఎమ్మే పాటిస్తుంది:

సుడో యూమౌంట్ /ఎస్ఆర్‌వీ/చిత్రాలు

సుడో ఎల్‌వీరెడ్యూస్ -ఆర్ -ఎల్ 400జీ /డెవ్/డేటావీజీ/చిత్రాలు

400 ముందు ఏ గుర్తూ లేదని గమనించాలి. చివరికి ఎంత మిగలాలో నేరుగా చెప్పడమే నాకు క్షేమంగా అనిపిస్తుంది, ఎందుకంటే మైనస్ 400, ఉత్త 400 అన్న రెండింటి మధ్య తేడా ఒక చుక్కంత గీత. యూమౌంట్ దగ్గర ఎవరో వాడుతున్నారని సర్వరు మొరాయిస్తే సుడో ఫ్యూజర్ -వీఎం అని ఆ డైరెక్టరీ పేరు ఇస్తే, పట్టుకుని కూర్చున్న ప్రోగ్రాముల జాబితా వస్తుంది. చాలాసార్లు ఆ పట్టుకున్నది మరో కిటికీలో అదే డైరెక్టరీలో నిలబడి ఉన్న మన సొంత టెర్మినలే.

వీజీలో ఖాళీ ఉంచమన్న మాటకు ఫలం స్నాప్‌షాటు దగ్గర కనిపిస్తుంది. వ్యవస్థను పెద్ద వెర్షనుకు మార్చేముందు:

సుడో ఎల్‌వీక్రియేట్ -ఎస్ -ఎల్ 20జీ -ఎన్ మునుపు /డెవ్/ఉబుంటు-వీజీ/ఉబుంటు-ఎల్‌వీ

స్నాప్‌షాటు తీసిన క్షణంలో ఏదీ నకలు కాదు. ఆ తరువాత అసలు ఎల్‌వీలో ఏదైనా మారబోతున్నప్పుడు, మారబోయే చోటి పాత సరుకును ఎల్‌వీఎం ముందు ఈ 20 జీబీలోకి ఎత్తి పెడుతుంది. 150 జీబీ ఎల్‌వీకి 20 జీబీ సరిపోయేది అందుకే. అయితే మార్పులు 20 జీబీ నింపేస్తే స్నాప్‌షాటు చెల్లకుండా పోతుంది. అసలు ఎల్‌వీకి మాత్రం ఏమీ కాదు. ఎల్‌వీఎస్‌లో డేటా శాతం అన్న నిలువు వరుసను చూస్తూ ఉండాలి, 70 దాటితే స్నాప్‌షాటునే ఎల్‌వీఎక్స్‌టెండ్‌తో పెంచాలి. వెనక్కి పోవాలనిపిస్తే సుడో ఎల్‌వీకన్వర్ట్ --మెర్జ్ ఉబుంటు-వీజీ/మునుపు అని కొట్టాలి. రూట్ వాడుకలో ఉంటుంది కనుక సర్వరును ఆపి పెట్టినప్పుడే ఆ పని మొదలవుతుంది.

ఈ పద్ధతిని చెప్పేవారు తరచుగా వదిలేసే ఒక విషయం ఉంది. ఉబుంటులో /బూట్ అన్నది ఎల్‌వీఎం బయట, వేరే విభాగంలో ఉంటుంది. రూట్‌ను స్నాప్‌షాటు నాటికి తిప్పినా, /బూట్‌లో కొత్త కెర్నెల్ అలాగే ఉండిపోతుంది. దాని మాడ్యూళ్లు మాత్రం రూట్‌తో పాటు మాయమవుతాయి. అప్పుడు సర్వరు లేస్తుండగా మెనూలో పాత కెర్నెల్‌ను చేత్తో ఎంచుకోవాలి. అందుకని స్నాప్‌షాటుతో పాటు /బూట్‌ను కూడా టార్ చేసి, అంటే ఒకే ఫైలుగా కట్టి, పక్కన పెట్టుకోవడం నా అలవాటు. పని సజావుగా ముగిసిందనుకున్నాక స్నాప్‌షాటును ఎల్‌వీరిమూవ్‌తో తీసేయాలి, ఎందుకంటే అది ఉన్నంతకాలం ఒక్కో చోట మొదటిసారి రాసేటప్పుడు పాత సరుకును ఎత్తిపెట్టే అదనపు శ్రమ పడుతుంది. డిస్కు పోతే దాంతోపాటు స్నాప్‌షాటు కూడా పోతుంది కనుక దాన్ని బ్యాకప్ అనుకోకూడదు. థిన్ పూల్ అనే మరో పద్ధతిలో లేని చోటును కూడా పంచవచ్చు. రోజూ చూసేవాళ్లు లేని చిన్న ఆఫీసులకు దాన్ని నేను సూచించను.

హార్డ్ డిస్కు ముసలిదయినప్పుడు ఎల్‌వీఎం విలువ తెలుస్తుంది. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ నివేదికలో చెడిన సెక్టార్లు కనిపించడం మొదలైతే, ముందు బ్యాకప్ తీసుకుని, కొత్త డిస్కు బిగించి, దానిలోనూ ఒక విభాగం చేసి, సర్వరు నడుస్తుండగానే సరుకంతా దాని మీదికి జరపవచ్చు:

సుడో పీవీక్రియేట్ /డెవ్/ఎస్‌డీసీ1

సుడో వీజీఎక్స్‌టెండ్ డేటావీజీ /డెవ్/ఎస్‌డీసీ1

సుడో పీవీమూవ్ /డెవ్/ఎస్‌డీబీ1 /డెవ్/ఎస్‌డీసీ1

సుడో వీజీరెడ్యూస్ డేటావీజీ /డెవ్/ఎస్‌డీబీ1

సుడో పీవీరిమూవ్ /డెవ్/ఎస్‌డీబీ1

పీవీమూవ్ గంటల తరబడి నడుస్తుంది, మధ్యమధ్యలో శాతం చూపిస్తుంది. మన జిల్లాలలో వెంటనే వచ్చే ప్రశ్న, మధ్యలో కరెంటు పోతే ఏమిటని. ఎల్‌వీఎం కొంతకొంత జరుపుతూ, ఎంతవరకు వచ్చిందో తన పట్టికలో రాసుకుంటూ పోతుంది. సర్వరు లేచాక సుడో పీవీమూవ్ అని ఏ పేరూ ఇవ్వకుండా కొడితే ఆగినచోటి నుంచి సాగుతుంది. అలాగని యూపీఎస్ లేకుండా మొదలుపెట్టమని కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలను పడగొట్టిన రోజులు చూసినవారెవరూ అక్టోబరులో, వాతావరణ హెచ్చరిక ఉన్న వారంలో ఇలాంటి పని పెట్టుకోరు. చదవడానికే వీలుకాని సెక్టారు తగిలితే పీవీమూవ్ కూడా ఆగిపోతుంది కనుక, డిస్కు మూలగడం మొదలుపెట్టగానే కదలాలి, పూర్తిగా పడకేసేవరకు ఆగకూడదు.

పాత డిస్కును తీసేయకుండా, రెండు మంచి డిస్కులను ఒకదానికొకటి అద్దంలా ఉంచాలనుకుంటే, రెండో డిస్కును వీజీలో కలిపాక ఇలా చేయాలి:

సుడో ఎల్‌వీకన్వర్ట్ --టైప్ రైడ్1 -ఎం 1 డేటావీజీ/చిత్రాలు

దీనికి రెండో డిస్కులో 600 జీబీ చోటుతో పాటు, రెండు డిస్కులలోనూ లెక్కలు రాసుకోవడానికి ఒక్కో ఎక్స్‌టెంటు కావాలి. మొదటి డిస్కును నూరు శాతం పంచేసినవారికి ఆ 4 ఎంబీ లేక ఈ కమాండు విఫలమవుతుంది. 2 టీబీ పెట్టుకుని 4 ఎంబీకి వెతుక్కున్నవారిని చూశాను.

సర్వరు వర్చువల్ యంత్రమైతే కొత్త డిస్కు బదులు ఉన్న డిస్కునే పెద్దది చేసి ఇస్తారు. అప్పుడు ముందు విభాగాన్ని, తరువాత పీవీని పెంచాలి:

సుడో గ్రోపార్ట్ /డెవ్/ఎస్‌డీఏ 3

సుడో పీవీరీసైజ్ /డెవ్/ఎస్‌డీఏ3

మొదటి వరుసలో 3 ముందు ఖాళీ ఉంది, రెండో వరుసలో లేదు. ఆ తరువాత వీజీఎస్‌లో ఖాళీ కనిపిస్తుంది, మిగిలినది ఎల్‌వీఎక్స్‌టెండ్ పని.

పొరపాటున ఎల్‌వీరిమూవ్ కొట్టినవారికి ఒక దారి ఉంది. ఎల్‌వీని తీసేయడమంటే పట్టికలో గట్లు చెరిపేయడమే. ఎక్స్‌టెంట్లలోని సరుకు, దాని మీద మరొకటి రాసేవరకు, ఉన్నచోటే ఉంటుంది. ఎల్‌వీఎం ఆకృతీకరణలో ఇష్యూ_డిస్కార్డ్స్ అన్నది, అంటే వదిలేసిన చోటును చెరిపేసుకోమని డిస్కుకు చెప్పేది, మామూలుగా సున్నాగా ఉంటుంది. ఎస్ఎస్‌డీ కోసమని దాన్ని ఎవరో 1 చేసి ఉంటే మాత్రం సరుకు కూడా పోయి ఉండవచ్చు. తప్పు తెలిసిన వెంటనే చేయవలసింది ఏమీ చేయకపోవడం: కొత్త ఎల్‌వీ చేయకూడదు, ఉన్నవాటిని పెంచకూడదు. ముందు పాత పట్టికల జాబితా చూడాలి:

సుడో వీజీసీఎఫ్‌జీరీస్టోర్ --లిస్ట్ డేటావీజీ

ఒక్కో పట్టిక పక్కన అది ఏ కమాండుకు ముందు రాసిందో, ఏ తేదీన రాసిందో ఉంటుంది. ఎల్‌వీరిమూవ్‌కు ముందు అని ఉన్నదాన్ని ఎంచుకుని, ఆ ఫైలు పేరును -ఎఫ్ తరువాత ఇచ్చి, వీజీ పేరు చెప్పి అదే కమాండు మళ్లీ కొట్టాలి. తరువాత ఎల్‌వీఛేంజ్ -ఎవై తో ఎల్‌వీని మేల్కొల్పి, మౌంటు చేయడానికి ముందు ఎక్స్‌టీ4 అయితే ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎన్‌తో చూడాలి. -ఎన్ ఉంటే అది చదువుతుందే తప్ప ఏమీ మార్చదు. ఈ పట్టికలన్నీ /ఈటీసీ/ఎల్‌వీఎం/ఆర్కైవ్‌లో, అంటే రూట్ ఎల్‌వీలోనే ఉంటాయి. రూట్ డిస్కే పోయిన రోజున ఇవి అక్కరకు రావాలంటే వారానికొకసారి /ఈటీసీ/ఎల్‌వీఎం డైరెక్టరీని మరో యంత్రంలోకి నకలు చేయాలి. ఆ స్కానింగు కేంద్రంలో ప్రతి ఆదివారం రాత్రి 11 గంటలకు, వేళకు పనులు నడిపే క్రాన్ ఆ పని చేసి, పీవీఎస్, వీజీఎస్, ఎల్‌వీఎస్‌ల ఫలితాలను కూడా ఒక ఫైలులో రాసి నాకు మెయిలు పంపుతుంది. సర్వరు మూత లోపలి వైపు ఆ కుర్రవాడు ఒక కాగితం అతికించాడు. డిస్కుల సీరియల్ నంబర్లు, ఏ నంబరు ఏ వీజీదో అందులో ఉన్నాయి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అన్న పేర్లు మాత్రం రాయవద్దన్నాను.